పీహెచ్‌డీ లిటరేచర్ రివ్యూకి జొటేరో: ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ చెయ్యిస్తుంది

జొటేరో అంటే చదివే పేపర్లని, వాటి వివరాల్ని ఒకచోట దాచి, రిఫరెన్సుల పట్టిక తయారు చేసిపెట్టే ప్రోగ్రామ్. మన యూనివర్సిటీల్లో చాలామంది స్కాలర్లకి అది గుర్తొచ్చేది థీసిస్ ఆఖర్లో, రిఫరెన్సుల పట్టిక తయారు చేయాల్సి వచ్చినప్పుడు. అప్పటికి 200 పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అంకెల పేర్లతో పడి ఉంటాయి. ఏ మాట ఏ పేపర్‌లో చదివామో గుర్తుండదు. ఆ స్థితిలో జొటేరో చేయగలిగింది తక్కువ. రిజిస్ట్రేషన్ అయిన వారమే దీన్ని పెట్టుకుంటే మాత్రం లిటరేచర్ రివ్యూలోని చాకిరీ సగం తగ్గుతుంది. ఈ సమీక్ష ఆ మొదటి వారంలో ఉన్నవాళ్ళ కోసం.

జొటేరో ఉచితం, ఓపెన్ సోర్స్. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చరిత్రకారులు మొదలుపెట్టిన పని ఇది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ యాప్‌లున్నాయి. పెట్టుకోవాల్సినవి రెండు: కంప్యూటర్‌లో అసలు ప్రోగ్రామ్, బ్రౌజర్‌లో కనెక్టర్ (తెరిచిన పేజీలోని పేపర్ వివరాల్ని జొటేరోకి పంపే బటన్). రెండోది మరిచిపోయి మొదటిది మాత్రమే పెట్టుకుని, ప్రతి పేపర్ వివరాలూ చేత్తో టైపు చేసి, ఇందులో ఏముందని వదిలేసేవాళ్ళు ఎందరో.

ఉదాహరణకి ఒక నిజమైన అంశం తీసుకుందాం: నల్గొండ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్. వెతకడం మొదలుపెట్టగానే మన రాష్ట్రాల చరిత్రే అడ్డుపడుతుంది. 'తెలంగాణ', 'ఫ్లోరైడ్' అని కొడితే వచ్చేవి ఎక్కువగా 2014 తర్వాతి పేపర్లే. అంతకుముందు ఇదే నల్గొండ మీద రాసినవాళ్ళు ఆంధ్రప్రదేశ్ అని రాశారు. 2016 అక్టోబర్‌లో జిల్లా మళ్ళీ విడిపోయి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ఏర్పడ్డాయి. కాబట్టి ఒకే ఊరి బావి నీళ్ళు మూడు రకాల చిరునామాలతో పేపర్లలో ఉంటాయి. సెర్చ్ పదాల్లో రెండు రాష్ట్రాల పేర్లూ, పాత జిల్లా పేరూ, కొత్త జిల్లాల పేర్లూ, మర్రిగూడ లాంటి మండలాల పేర్లూ అన్నీ మధ్యలో 'ఆర్' (OR, అంటే 'లేదా') పెట్టి కలపాలి. ప్రకాశం వైపు కూడా ఇదే తంతు. షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాసిన పేపర్ శీర్షికలో ఉన్నది నెల్లూరు జిల్లా. ఆ జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వెళ్ళాయి, తర్వాత దాని పేరే ప్రకాశంగా మారింది. 'ప్రకాశం' అని మాత్రమే వెతికితే ఈ అంశానికి మూలస్తంభం లాంటి ఆ పేపర్ కంటపడదు.

ఇంకో చిక్కు దీనికి తలకిందులు. ఫ్లోరైడ్ తీసేసే పద్ధతి ఒకదానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీటిని శుద్ధి చేసే ఆ పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. దాన్ని టాంజానియా, కెన్యా, ఇథియోపియాల్లో కూడా ప్రయత్నించారు. అందుకే 'నల్గొండ' అని కొట్టగానే ఆఫ్రికా పేపర్లు వచ్చి పడతాయి. మీ అంశం నీటి శుద్ధి అయితే అవి కావాలి, నీటిలో ఎంత ఫ్లోరైడ్ ఉందన్నదే అయితే అక్కర్లేదు. అలాగే ఇంగ్లీషులో ఫ్లోరైడ్, ఫ్లోరోసిస్ రెండూ రావాలని 'ఫ్లోర్' వరకు రాసి నక్షత్రం గుర్తు పెడితే కాంతికి సంబంధించిన ఫ్లోరెసెన్స్ పేపర్లు వరదలా వస్తాయి. రెండు పదాల్నీ విడివిడిగా రాయడమే మేలు.

ఈ పదాల ఎంపికలో జొటేరో ఏమీ సాయం చేయదు. అది వెతికే యంత్రం కాదు. స్కోపస్, పబ్‌మెడ్, గూగుల్ స్కాలర్ లాంటి పేపర్ల డేటాబేస్‌లలో, మన దేశపు థీసిస్‌లుండే శోధ్‌గంగలో మీరు వెతికి తెచ్చింది దాచి, దారిలో పెట్టడం దాని పని. ఈ తేడా తెలియకపోవడం వల్లే మొదటి నిరాశ కలుగుతుంది.

తేవడంలో మాత్రం దానికి వంక పెట్టలేం. పేపర్ పేజీ తెరిచి కనెక్టర్ నొక్కితే శీర్షిక, రచయితలు, జర్నల్, సంపుటి, పేజీలు, డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబర్) అన్నీ వచ్చి కూర్చుంటాయి, పీడీఎఫ్ అందుబాటులో ఉంటే అదీ వస్తుంది. సెర్చ్ ఫలితాల పేజీలో అయితే కనెక్టర్ బొమ్మ ఫోల్డర్‌గా మారుతుంది, కావలసినవాటికి టిక్కు పెట్టి ఒకేసారి తెచ్చుకోవచ్చు. గూగుల్ స్కాలర్ నుంచి ఇలా ఒక్క ఊపున తేబోతే మీరు రోబో కాదని నిరూపించుకోమంటూ అది తలుపు మూస్తుంది. పైగా అక్కడి వివరాలు అరకొర: జర్నల్ పేరు సగంలో తెగిపోతుంది, సంచిక నంబర్ ఉండదు. స్కాలర్‌లో దొరికినదాన్ని నొక్కి, జర్నల్ సొంత పేజీకి వెళ్ళి అక్కడ సేవ్ చేయండి. పేపర్‌కి పది సెకన్లు ఎక్కువ పడుతుంది, ఆఖర్లో రోజులు మిగులుతాయి.

పీడీఎఫ్ రాకపోతే ఐటమ్ (జొటేరోలో ఆ పేపర్ పేరున్న వరస) మీద రైట్ క్లిక్ చేసి ఫుల్ టెక్స్ట్ వెతకమనండి. చట్టబద్ధంగా ఉచితంగా దొరికే కాపీ ఎక్కడైనా ఉంటే తెస్తుంది. ప్రభుత్వ యూనివర్సిటీలో ఉన్నవాళ్ళకి 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 30 ప్రచురణ సంస్థల జర్నల్స్ సుమారు 13,000 అందుబాటులోకి వచ్చాయి. అవి తెరుచుకునే నెట్‌వర్క్‌లో కూర్చుని కనెక్టర్ నొక్కితే ఆ పీడీఎఫ్‌లూ వస్తాయి. ప్రైవేటు కాలేజీల్లోని స్కాలర్లకి ఈ తొలి దశలో చోటు దక్కలేదు. వాళ్ళు కరెస్పాండింగ్ ఆథర్‌కి (పేపర్ మీద సంప్రదించడానికి మెయిల్ ఇచ్చిన రచయితకి) మెయిల్ పెట్టి అడగడమే దారి. మొహమాటపడక్కర్లేదు, చాలామంది పంపిస్తారు.

డీఓఐ తెలిస్తే మంత్రదండం బొమ్మ నొక్కి అతికిస్తే చాలు, వివరాలన్నీ వస్తాయి. ఈ రోజుల్లో దీనికి ఇంకో వాడుక పుట్టింది. చాట్‌బాట్‌ని రిఫరెన్సులు అడిగితే లేని పేపర్లని కూడా ఉన్నట్టే చెబుతుంది. అది ఇచ్చిన డీఓఐని ఇక్కడ వేసి చూడండి. ఏమీ రాకపోతే ఆ నంబర్ కల్పితం కావచ్చు. ఒక్కోసారి డీఓఐ నిజమైనదే ఉంటుంది గానీ ఇంకెవరిదో వేరే పేపర్ తెరుచుకుంటుంది. శీర్షిక సరిపోల్చి, ఒరిజినల్ పేపర్ కళ్ళారా చూస్తే తప్ప ఏదీ లైబ్రరీలో ఉంచకండి.

వెనక్కి తీసుకున్న పేపర్ల విషయంలో కూడా ఇది కాపలా కాస్తుంది. రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌తో సరిచూసి, మీ లైబ్రరీలోని పేపర్ ఏదైనా రిట్రాక్ట్ అయితే దాని మీద ఎర్ర పట్టీ చూపిస్తుంది. డీఓఐ గానీ పబ్‌మెడ్ నంబర్ గానీ ఉన్నవాటికే ఇది పనిచేస్తుంది. చేత్తో టైపు చేసిన ఐటమ్స్‌లో డీఓఐ గడి ఖాళీగా వదలొద్దనేది అందుకే.

జల్లెడ పట్టే దశలో జొటేరో అసలు బలం బయటపడుతుంది, కానీ దాన్ని వాడేవాళ్ళు తక్కువ. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కీవర్డ్స్ వాటంతటవే ట్యాగులుగా వచ్చే సదుపాయం ఆపేయండి. లేకపోతే ప్రతి పేపర్‌తో పదేసి ట్యాగులు వచ్చి, మీరు పెట్టుకున్నవి ఆ గుంపులో కనబడకుండా పోతాయి. తర్వాత మూడు ట్యాగులు పెట్టుకుని రంగులివ్వండి: 'ఉంచాలి', 'చూడాలి', 'వద్దు'. రంగు ట్యాగులు తొమ్మిది దాకా పెట్టుకోవచ్చు, ఒక్కోదానికీ కీబోర్డులో ఒక అంకె. పేపర్ ఎంచుకుని అబ్‌స్ట్రాక్ట్ చదివి 1, 2, 3లో ఒకటి నొక్కి, కింది బాణంతో తర్వాతదానికి వెళ్ళడమే. 'వద్దు' అన్నవాటిని డిలీట్ చేయకండి. ఎందుకు వద్దన్నారో ఒక్క ముక్క నోట్‌లో రాయండి: 'నీటి శుద్ధి మాత్రమే', 'కెన్యా', 'నమూనాల సంఖ్య చెప్పలేదు'. ఆరు నెలల తర్వాత సెమినార్‌లో ఈ పేపర్ ఎందుకు వదిలేశారని అడిగితే జవాబు చేతిలో ఉంటుంది.

సిస్టమాటిక్ రివ్యూ (ముందే పెట్టుకున్న నియమాల ప్రకారం పేపర్లన్నీ వెతికి, ఏరి చేసే సమీక్ష) చేసేవాళ్ళకి ఇక్కడొక గొయ్యి ఉంది. పేపర్ల ఎంపికని మెట్లమెట్లుగా చూపే ప్రిస్మా చిత్రంలో ఏ డేటాబేస్‌లో ఎన్ని దొరికాయి, డూప్లికేట్లు ఎన్ని తీశారు, ఎన్ని చదివారు, ఎన్ని మిగిలాయి అన్నీ అంకెల్లో చూపాలి. జొటేరోలో 'డూప్లికేట్ ఐటమ్స్' తెరిచి జంటల్ని కలిపేశాక పాత లెక్క తిరిగి రాదు. అందుకని స్కోపస్‌కి ఒక కలెక్షన్, పబ్‌మెడ్‌కి ఒకటి, శోధ్‌గంగకి ఒకటి విడిగా పెట్టి, ఒక్కోదానిలో ఎన్ని వచ్చాయో, ఏ తేదీన ఏ పదాలతో వెతికారో రాసుకున్నాకే కలపండి. డూప్లికేట్లు పట్టడంలో కూడా దాన్ని పూర్తిగా నమ్మలేం. శీర్షికలో తేడా ఉండి ఒకదానికి డీఓఐ లేకపోతే రెండూ వేర్వేరనుకుంటుంది. శీర్షికల వరసలో పెట్టి ఒకసారి కళ్ళతో చూడాల్సిందే.

కలెక్షన్ అంటే విండోస్ ఫోల్డర్ లాంటిది అనుకోవద్దు. ఒకే పేపర్ నాలుగు కలెక్షన్లలో ఉండొచ్చు, ఉన్నది ఒక్క ప్రతే. కలెక్షన్ నుంచి తీసేస్తే లైబ్రరీలో ఉంటుంది, ట్రాష్‌కి పంపితే అన్నిచోట్ల నుంచీ పోతుంది. ఈ రెండూ మెనూలో పక్కపక్కనే ఉంటాయి.

ఇక చదవడం. పీడీఎఫ్ జొటేరోలోనే తెరుచుకుంటుంది. రంగులకి అర్థాలు పెట్టుకోండి: పసుపు ఫలితాలకి, ఆకుపచ్చ పద్ధతికి, ఎరుపు మీకు ఒప్పనివాటికి. పట్టికల్ని పెట్టె గీసి బొమ్మగా పట్టుకునే పరికరం కూడా ఉంది. చదవడం అయ్యాక హైలైట్లన్నిటినీ ఒకే నోట్‌గా మార్చమంటే పేజీ నంబర్లతో సహా ఇస్తుంది, ఆ నంబర్ నొక్కితే అదే పేజీకి తీసుకెళ్తుంది. ఇది అద్భుతమైన సదుపాయం. ఇందులోనే ఒక ప్రమాదమూ ఉంది. ఆ నోట్‌లోనివన్నీ ఆ రచయితల మాటలు. వాటిని అలాగే చాప్టర్‌లోకి లాగి నాలుగు పదాలు అటూ ఇటూ చేస్తే సిమిలారిటీ రిపోర్ట్‌లో దొరికిపోతారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా శిక్ష లేదు, 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్ళీ ఇవ్వాలి. దీనికి మన స్కాలర్లకి చక్కని విరుగుడు ఉంది: ప్రతి హైలైట్ కింద కామెంట్ పెట్టెలో మీకు అర్థమైంది తెలుగులో రాయండి. 'వానలకి ముందు ఎక్కువ, తర్వాత తక్కువ వచ్చింది, కానీ అవే బోర్లలో తీశారో లేదో చెప్పలేదు' అని రాసుకున్నాక, దాని నుంచి ఇంగ్లీషు వాక్యం కడితే అది మీ వాక్యమే అవుతుంది. అరువు మాటలు దొర్లే అవకాశం తక్కువ, అర్థం కాని పేరా ఏదో కూడా వెంటనే తెలిసిపోతుంది. తెలుగులో చెప్పలేకపోతే ఇంకా అర్థం కాలేదని లెక్క.

జొటేరోకి చేతకాని పెద్ద పని పట్టిక. పేపర్లన్నిటినీ పక్కపక్కన పెట్టి పోల్చే గళ్ళ పట్టిక అందులో లేదు, లిటరేచర్ రివ్యూకి ప్రాణం అదే. కలెక్షన్‌ని సీఎస్‌వీగా ఎగుమతి చేసి ఎక్సెల్‌లో తెరవండి. అక్కర్లేని నిలువు వరసలు తీసేసి మీ అంశానికి కావలసినవి చేర్చండి. ఫ్లోరైడ్‌కైతే ఇవి: మండలం, నమూనాల సంఖ్య, చేతిపంపా బోరా, వానలకి ముందా తర్వాతా, కొలిచిన పద్ధతి, కనిష్ఠ గరిష్ఠ విలువలు, ఏ ప్రమాణంతో పోల్చారు, లోపం. పద్ధతి గడి ఎందుకంటే కొందరు అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో కొలుస్తారు, కొందరు స్పాడ్న్స్ (SPADNS) రంగు పద్ధతితో. నీటిలో అల్యూమినియం ఉంటే రెండోదాంట్లో విలువ తేడా వస్తుంది, కాబట్టి పటిక వేసిన నీటి ఫలితాల్ని మామూలు బోరు నీటి ఫలితాలతో గుడ్డిగా కలపకూడదు. ప్రమాణం గడి ఎందుకంటే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఆమోదయోగ్య పరిమితి లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5. డబ్ల్యూహెచ్‌ఓది 1.5. 'సగం నమూనాలు పరిమితి దాటాయి' అని ఇద్దరు రాసినా, ఎవరి పరిమితి అన్నది చూడకపోతే పోలికే తప్పు. ఈ పట్టికలో నిలువు వరసలు కిందికి చదువుతూ పోతే పేరాలు వాటంతటవే పుడతాయి: వానాకాలం ప్రభావం మీద ఒక పేరా, పద్ధతుల తేడా మీద ఒకటి. అడ్డంగా చదివితే 'ఫలానావారు ఇలా అన్నారు, ఫలానావారు అలా అన్నారు' అనే జాబితా తయారవుతుంది. గైడ్లు ఎర్ర పెన్నుతో కొట్టేసేది దాన్నే. ఖాళీగా మిగిలిపోయిన గళ్ళే రీసెర్చ్ గ్యాప్.

రచయితల పేర్ల దగ్గర తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. జొటేరోలో పేరుకి రెండు గళ్ళు: ఇంటిపేరు, సొంత పేరు. మనం పొడి అక్షరంగా ముందు పెట్టేదే ఇంటిపేరు, కాని ఆఖర్లో ఉన్న మాటని అది ఇంటిపేరు అనుకుంటుంది. కె. శ్రీనివాస రావు తరహా పేరు ఒక జర్నల్ నుంచి 'రావు, కె. శ్రీనివాస' అనీ, ఇంకో జర్నల్ నుంచి 'శ్రీనివాస రావు, కె.' అనీ, మూడోదాని నుంచి 'కె, శ్రీనివాస రావు' అనీ వస్తుంది. ఒకే మనిషి ముగ్గురవుతాడు. ఏపీఏ అనే సైటేషన్ శైలిలో దీని లక్షణం తేలిగ్గానే పట్టుకోవచ్చు: వాక్యం మధ్యలో సైటేషన్‌లో ఇంటిపేరు ఒక్కటే రావాల్సిన చోట ఉన్నట్టుండి పొడి అక్షరాలు కూడా కనిపిస్తాయి. ఒకే ఇంటిపేరుతో ఇద్దరున్నారని అది అనుకుంటోందన్నమాట. జర్నల్‌లో ఎలా అచ్చయిందో చూసి, ఒక రచయితకి ఒకే రూపం ఖాయం చేసి, ఆ రచయిత పేపర్లన్నిటిలో అదే పెట్టండి. రావులూ రెడ్డిలూ ఎక్కువున్న అంశమైతే దీనికే ఒక పూట కేటాయించాలి.

తెలుగు సాహిత్యం, చరిత్ర, జానపదం మీద పనిచేసేవాళ్ళకి జొటేరో సగమే అక్కరకొస్తుంది. తెలుగు అక్షరాల్లో శీర్షికలు, పేర్లు టైపు చేసుకోవచ్చు, వెతుక్కోవచ్చు. తెలుగు పేర్లని రెండు గళ్ళుగా విడదీయకుండా ఒకే గడిలోకి మార్చండి, రాసింది రాసినట్టే వస్తుంది. డాక్యుమెంట్ భాష ఇంగ్లీషుగా ఉంటే సంపుటి, సంపాదకుడు లాంటి సూచికలు తెలుగు పుస్తకాల దగ్గర కూడా ఇంగ్లీషులోనే పడతాయి. అసలు ఇబ్బంది పీడీఎఫ్‌ల దగ్గర. అను ఫాంట్లలో టైపు చేసిన పాత పత్రికలు, సెమినార్ సంచికలు తెర మీద చక్కగా కనిపిస్తాయి. హైలైట్ చేసి నోట్‌గా మారిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, లోపల పదం వెతికితే దొరకదు. తప్పు జొటేరోది కాదు, ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. స్కాన్ చేసిన పాత పుస్తకాలదీ ఇదే గతి, అవి ఒట్టి బొమ్మలు. జొటేరోకి సొంతంగా ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే సదుపాయం) లేదు. పీడీఎఫ్‌ని గూగుల్ డ్రైవ్‌లో వేసి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారుస్తుంది. తప్పులు దిద్దుకుని, అవసరమైన భాగాన్ని నోట్‌గా అతికించండి.

శోధ్‌గంగ థీసిస్‌లు చాప్టర్లవారీగా విడి పీడీఎఫ్‌లుగా ఉంటాయి. ఐటమ్ రకం 'థీసిస్' అని ఉందో లేదో, యూనివర్సిటీ పేరు వచ్చిందో లేదో చూసుకుని, చాప్టర్లన్నిటినీ ఆ ఒక్క ఐటమ్ కిందే చేర్చండి. ఇంకో సంగతి: జొటేరో మామూలు సెట్టింగ్‌లో ఒక ఫైలులో మొదటి 100 పేజీల వరకే పదాల సూచి తయారు చేస్తుంది. 300 పేజీల థీసిస్ ఒకే ఫైలుగా ఉంటే ఆఖరి చాప్టర్లలోని మాట వెతుకులాటలో తగలదు. సెట్టింగ్స్‌లో ఆ పరిమితి పెంచుకోవచ్చు.

ఖర్చు సంగతి. ప్రోగ్రామ్‌కి పైసా అక్కర్లేదు. డబ్బు అడిగేది పీడీఎఫ్‌లని వాళ్ళ సర్వర్‌లో దాచడానికే: 300 ఎంబీ ఉచితం, 2 జీబీకి ఏడాదికి 20 డాలర్లు. మామూలు పేపర్ 1 నుంచి 3 ఎంబీ ఉంటుంది కాబట్టి నూట యాభై పేపర్ల దగ్గర ఉచిత చోటు నిండిపోతుంది, స్కాన్ ఫైళ్ళుంటే ఇంకా ముందే. నిండిందని కంగారుపడి డబ్బు కట్టక్కర్లేదు. ఫైళ్ళ సింక్ మాత్రమే ఆపేయండి, వివరాలూ నోట్సులూ సింక్ అవుతూనే ఉంటాయి, వాటికి పరిమితి లేదు. జొటేరో డేటా ఫోల్డర్‌ని గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెట్టే తెలివి మాత్రం వద్దు. డేటాబేస్ తెరిచి ఉండగా సింక్ ప్రోగ్రామ్ దాన్ని కదిపితే మొత్తం పాడయ్యే ప్రమాదం ఉంది. నెలకోసారి జొటేరో మూసేసి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడమే సురక్షితం.

రాసేటప్పుడు వర్డ్, లిబ్రాఫీస్, గూగుల్ డాక్స్ మూడింటికీ ప్లగిన్ ఉంది. గైడ్ గారు డబ్ల్యూపీఎస్‌లో తెరిచి సేవ్ చేసి పంపితే మాత్రం సైటేషన్ల లంకె తెగిపోయి అవి ఒట్టి అక్షరాలయ్యే ప్రమాదం ఉంది. ఆయనకి పీడీఎఫ్ పంపండి, దిద్దుబాట్లు మీ ఫైలులో మీరే చేసుకోండి. శీర్షికల్ని జొటేరోలో సెంటెన్స్ కేస్‌లో ఉంచండి. పెద్దక్షరాలు కోరే శైలికి అదే మారుస్తుంది, వెనక్కి మార్చలేదు. మార్చేటప్పుడు నల్గొండ, ఇండియా లాంటి పేర్ల మొదటి అక్షరం చిన్నదైపోయిందేమో చూసుకోండి. ఒక్క సైటేషన్ కూడా చేత్తో టైపు చేయకండి, అది రిఫరెన్సుల పట్టికలోకి రాదు.

థీసిస్ 200 పేజీలు దాటాక ప్రతి సైటేషన్‌కీ వర్డ్ నత్తనడక నడుస్తుంది. డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసి, రోజు చివర ఒకసారి రిఫ్రెష్ నొక్కండి. సబ్మిషన్‌కి ముందు ఫైలుకి ఇంకో ప్రతి తీసి, ఆ ప్రతిలో మాత్రమే 'అన్‌లింక్ సైటేషన్స్' చేయండి, ఎందుకంటే ఆ బటన్ నొక్కాక వెనక్కి దారి లేదు. అసలు ఫైలు, డేటా ఫోల్డర్ కాపీ రెండూ వైవా అయ్యేదాకా, పరీక్షకులు అడిగిన దిద్దుబాట్లు పూర్తయ్యేదాకా కదపకుండా ఉంచుకోండి.